24 మందితో వచ్చిన ఫలితం రెండోసారి రాలేదు. ఇప్పుడు ఏం రాయాలి?

లాంగ్‌షాట్ | రాత్రి 11:08

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

నాది స్పోర్ట్ సైకాలజీ పరిశోధన. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు ఫ్రీ త్రో (గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) వేసే ముందు మనసులో ఒక చిన్న మాట అనుకుంటే గురి మెరుగవుతుందా అన్నది నా ప్రశ్న. సెల్ఫ్-టాక్ అంటాం కదా, అదే. మొదటిసారి 24 మంది దొరికారు. చీటీలు తీసి 12 మందికి మూడు వారాలు సెల్ఫ్-టాక్ నేర్పాను, మిగతా 12 మంది మామూలు ప్రాక్టీసే చేశారు. చివరి రోజు తలా 20 షాట్లు వేయించి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టాను. తేడా వచ్చింది. పీ వాల్యూ (అసలేమీ లేకపోయినా కనీసం ఇంత తేడా అదృష్టవశాత్తూ కనబడే అవకాశం) 0.04, ఎఫెక్ట్ సైజు (ఆటగాళ్ల మధ్య మామూలుగా ఉండే చెదురుతో పోలిస్తే గ్రూపుల సగటుల తేడా ఎంత అన్నది) 0.9. ఆ సాయంత్రం కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పుకున్నాను.

తర్వాతి సీజన్లో వేరే 22 మందితో అదే మళ్లీ చేశాను. అదే కోర్టు, అదే మాటలు, అదే మూడు వారాలు. ఈసారి ఎఫెక్ట్ సైజు 0.1. పీ వాల్యూ 0.8. అంటే ఏమీ లేనట్టే.

మా గైడ్ గారు "మొదటిది పేపర్ రాసెయ్యి, రెండోదాంట్లో పిల్లలు మనసు పెట్టి చేసి ఉండరు" అంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు. తప్పు మొదటిసారి జరిగిందా, రెండోసారి జరిగిందా? అసలు 24 మంది సరిపోరా?

కొత్తబ్యాచ్ | రాత్రి 11:31

అక్కా, నేను ఎంఏ మొదటి ఏడు. మాకు క్లాసులో "ఒక్కో గ్రూపులో 30 మంది ఉంటే చాలు" అని చెప్పారు. అది నిజమేనా? జవాబు కోసం చూస్తున్నాను.

సిగ్మా_తాతయ్య | ఉదయం 5:50

లాంగ్‌షాట్ అమ్మా, ముందు ఒక మాట. రెండోసారి చేశావు చూడు, అక్కడే సగం మంది కంటే ముందున్నావు. చాలామంది మొదటి 0.04 చూడగానే పెట్టె సర్దేస్తారు.

ఇక లెక్క. ఒక్కో గ్రూపులో 12 మంది ఉన్నప్పుడు ఎఫెక్ట్ సైజు అంచనా అటూ ఇటూ ఎంత ఊగుతుందో తెలుసా? దాదాపు 0.84. అంటే నీ మొదటి ఫలితాన్ని నిజాయితీగా రాయాలంటే "0.9" అని కాదు, "0.06 నుంచి 1.74 మధ్య ఎక్కడైనా" అని రాయాలి. రెండోది "మైనస్ 0.74 నుంచి 0.94 మధ్య". ఈ రెండు గీతల్నీ ఒకదాని కింద ఒకటి గీసి చూడు. చాలా మేర ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. నువ్వు రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని నిద్ర పాడుచేసుకున్నావు గానీ అవి పోట్లాడుకోవడమే లేదు. రెండూ కలిపితే 0.5 దగ్గర తేలుతుంది, అటు మైనస్ 0.1, ఇటు 1.1. "బహుశా పనిచేస్తుంది, ఎంతో తెలియదు, అసలు చేయకపోయినా ఆశ్చర్యం లేదు" అని దాని అర్థం. రెండు సీజన్ల కష్టానికి దక్కింది అంతే.

కొత్తబ్యాచ్ బాబూ, 30 అన్న అంకె పాఠ్యపుస్తకాల్లో ఎవరో సౌకర్యానికి పెట్టుకున్నది. అది సగటు విలువల పంపిణీ గంట ఆకారంలోకి వస్తుందా లేదా అన్న సంగతి. తేడాను పట్టుకోగలమా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి ఒక మోటు సూత్రం ఉంది. 16ను ఎఫెక్ట్ సైజు వర్గంతో భాగించు. తేడా నిజంగా ఉన్నప్పుడు నూటికి 80సార్లు దొరకాలంటే ఒక్కో గ్రూపులో కావలసిన మనుషులు వస్తారు. ఎఫెక్ట్ 0.5 అయితే 64 మంది. 0.4 అయితే 100. 0.2 అయితే 400, అంటే రెండు గ్రూపులకీ కలిపి 800.

కొత్తబ్యాచ్ | ఉదయం 7:15

800 మందా!! ఏ కోర్టులో నిలబెడతాం తాతయ్య గారూ?

రెండోరివ్యూయర్ | ఉదయం 9:40

తాతయ్య గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఎందుకంటే జనం ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకునేది దీన్నే. "శాంపిల్ చిన్నదైనా సరే తేడా దొరికింది కదా, అంటే అసలు తేడా చాలా బలమైనదన్నమాట" అనుకుంటారు. నేను రివ్యూ చేసే పేపర్లలో ఈ వాదన తరచూ కనబడుతుంది. నిజం దానికి పూర్తిగా ఎదురు.

సెల్ఫ్-టాక్ వల్ల నిజంగా 0.3 అంత లాభం ఉందనుకుందాం. ఉన్నా తప్పేం లేదు, ఆటలో అది మంచి లాభమే. 12 మంది చొప్పున పెట్టి చేస్తే సిగ్నిఫికెంట్ అనిపించుకోవడానికి నీ డేటాలో కనీసం 0.85 కనబడాలి. అంతకంటే తక్కువొస్తే పీ వాల్యూ 0.05 దాటిపోతుంది. అంటే ఈ ప్రయోగానికి నిజం చెప్పే దారే లేదు! 0.3 వస్తే "ఏమీ లేదు" అంటుంది. అదృష్టం కొద్దీ 0.85 దాటితే "ఉంది" అంటుంది, కానీ అసలుకు మూడింతలు పెంచి చెబుతుంది. పదిసార్లు చేస్తే ఒకసారి ఇలా దాటుతుంది. ఆ ఒక్కటీ జర్నల్‌కి వెళుతుంది, తొమ్మిది అరలో ఉండిపోతాయి. తర్వాత ఇంకెవరో ఆ 0.9ని నమ్మి తమ శాంపిల్ లెక్క వేసుకుంటారు, "20 మంది చొప్పున చాలు" అని తేల్చుకుంటారు. వాళ్లకి ఫలితం రాదు. పాపం పిల్లలు మనసు పెట్టలేదని అనుకుంటారు.

ఇది మీ ఒక్కరి సమస్య కూడా కాదు. కదలికలు నేర్చుకోవడంపై వచ్చిన ప్రయోగాలను 2016లో పరిశీలిస్తే ఒక్కో గ్రూపు శాంపిల్ మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యది) 11. పదకొండు! జేకబ్ కోహెన్ 1962లోనే ఒక సైకాలజీ జర్నల్ సంచికలు ముందేసుకుని, మధ్యరకం ఎఫెక్ట్ ఉన్నా అది దొరికే అవకాశం సుమారు సగమేనని లెక్కగట్టి చూపించారు. అరవై ఏళ్లు దాటినా మనం బొమ్మా బొరుసూ వేస్తూనే ఉన్నాం.

విజిల్ | మధ్యాహ్నం 1:22

నేను పరిశోధకుణ్ని కాదు, కోచ్‌ని. 18 ఏళ్లుగా పిల్లల్ని ఆడిస్తున్నాను. మీ మాటలు వింటుంటే ఒకటే అనిపిస్తోంది. పైస్థాయిలో ఆడేవాళ్లు ఎంతమంది ఉంటారు మాస్టారూ? ఒక టీములో పన్నెండు, పదిహేను. జాతీయ స్థాయి అంటే ఆ పదిహేను మందే ప్రపంచం. వాళ్ల మీద చేసిన పరిశోధనే నాకు పనికొస్తుంది. 64, 64 కలిపి 128 మంది కావాలంటే కాలేజీలో సైకాలజీ చదివే పిల్లల్ని కూర్చోబెట్టి బంతి వేయిస్తారు. బంతిని ఎలా పట్టుకోవాలో తెలియనివాళ్ల మీద వచ్చిన ఫలితం నాకెందుకు?

ఇంకోటి. సెల్ఫ్-టాక్ పనిచేస్తుంది. నేను కళ్లారా చూశాను.

బౌన్స్‌పాస్ | మధ్యాహ్నం 2:05

విజిల్ గారి మొదటి పేరాకి నా ఓటు. చివరి వాక్యానికి కాదు :)

చిన్న శాంపిల్ అనగానే నేరం చేసినట్టు చూడటం నాకు నచ్చదు. మనుషుల సంఖ్య ఒక్కటే సమాచారం కాదు. ఒక్కో మనిషి నుంచి ఎంత రాబట్టామన్నది కూడా ఉంది. దృష్టి, వినికిడి మీద పరిశోధన చేసేవాళ్లు నలుగురైదుగురితో దశాబ్దాలుగా గట్టి ఫలితాలు తెస్తున్నారు. ఒక్కొక్కరితో వేల ట్రయల్స్ చేయిస్తారు కాబట్టి. లాంగ్‌షాట్ గారి ప్రయోగంలో నాకు 24 కంటే ఆ 20 షాట్లే ఎక్కువ భయం పుట్టించాయి.

వివరంగా చూద్దాం. నూటికి 70 వేయగలిగిన ఆటగాడు ఉన్నాడు. 20 షాట్లు వేయిస్తే 14 పడాలి. కానీ ఏ మార్పూ లేకుండానే ఒకరోజు 12, ఒకరోజు 16 పడతాయి. స్టాండర్డ్ డీవియేషన్ (సగటుకు అటూ ఇటూ ఉండే మామూలు ఊగు) రెండు షాట్లు, అంటే పది శాతం పాయింట్లు. అతని నైపుణ్యం మారలేదు, నాణెం ఎగరేసినట్టు వచ్చే ఊగిసలాటే ఇది. ఆటగాళ్ల మధ్య అసలు నైపుణ్యం తేడా కూడా పది పాయింట్లే అనుకోండి. అప్పుడు మీ డేటాలో కనబడే చెదురులో సగం నైపుణ్యం, సగం రొద, అంటే ఆ ఊగిసలాట. సెల్ఫ్-టాక్ నిజంగా ఐదు పాయింట్లు పెంచినా, అంటే అసలు ఎఫెక్ట్ 0.5 ఉన్నా, మీకు 0.35గా కనిపిస్తుంది. అదే 100 షాట్లు వేయిస్తే రొద నాలుగున్నర పాయింట్లకు తగ్గి 0.45 కనిపిస్తుంది. తాతయ్య గారి సూత్రంలో వేయండి. మొదటిదానికి గ్రూపుకు 130 మంది కావాలి, రెండోదానికి 79. ఒక్క ఆటగాణ్ని కూడా అదనంగా వెతక్కుండానే యాభై మంది మిగిలారు.

విజిల్ | మధ్యాహ్నం 2:19

ఒకే రోజు 100 షాట్లు వేస్తే చివరి నలభై చేతులు లేవక వేసేవే. ఆ అంకె దేన్ని కొలిచినట్టు? ఐదు రోజులు, రోజుకు 20 చొప్పున వేయించండి. ప్రాక్టీసు మొదట్లోనే, ఒళ్లు వేడెక్కగానే.

బౌన్స్‌పాస్ | మధ్యాహ్నం 2:24

ఇదిగో, కోచ్ లేకుండా ల్యాబులో కూర్చుని ప్రయోగం రాస్తే ఇలాంటివే మిస్సవుతాం. థాంక్యూ అన్నా.

సిగ్మా_తాతయ్య | సాయంత్రం 4:30

బౌన్స్‌పాస్ చెప్పినదంతా సరైనదే. కానీ దాన్ని చదివి రేపెవరో "20 మంది, తలా 100 షాట్లు, కాబట్టి నా శాంపిల్ 2000" అని రాస్తారు. నా సర్వీసులో ఇలాంటివి కట్టలకొద్దీ చూశాను. ఒక మనిషి వేసిన వంద షాట్లు వంద మంది కావు. షాట్లు పెరిగితే ఆ మనిషి గురించి నీకు కచ్చితంగా తెలుస్తుంది, మిగతా లోకం గురించి కాదు. ఎన్ని షాట్లు వేయించినా 0.5 దగ్గర ఆగిపోతావు, అక్కడినుంచి మనుషులే కావాలి.

అమ్మా, ట్రెయినింగ్‌కి ముందు కూడా ఒకసారి షాట్లు లెక్కపెట్టావా? ముందు స్కోరుకూ తర్వాతి స్కోరుకూ పొంతన (కోరిలేషన్, పూర్తిగా కలిసి నడిస్తే 1) 0.7 ఉంటే, ముందు స్కోరును విశ్లేషణలో చేర్చుకుంటే కావలసిన మనుషుల సంఖ్య సగానికి పడిపోతుంది.

లాంగ్‌షాట్ | సాయంత్రం 6:02

తీసుకోలేదు తాతయ్య గారూ. మొదటి రోజు కోర్టు గంటసేపే ఇచ్చారు. పేర్లు రాసుకోవడానికే సరిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఒకే ఆటగాడికి ఒక వారం సెల్ఫ్-టాక్, ఒక వారం లేకుండా చేస్తే ఇంకా తక్కువమంది సరిపోతారని చదివాను. చేయొచ్చా?

బౌన్స్‌పాస్ | సాయంత్రం 6:20

రంగు, శబ్దం, ప్రేక్షకులు ఉండటం లేకపోవడం లాంటివైతే చేయొచ్చు. ఆ పద్ధతిలో 0.4 ఎఫెక్ట్‌కి 200 మంది బదులు ముప్ఫై రెండు ముప్ఫై మూడు మంది సరిపోవచ్చు, పొంతన 0.7 ఉంటే. కానీ మీరు నేర్పింది తిరిగి మర్చిపొమ్మనలేరు. "ఈ వారం మనసులో ఏమీ అనుకోవద్దు" అంటే అదే అనుకుంటాడు. కాబట్టి ఇక్కడ కుదరదు.

మౌనప్రేక్షక | రాత్రి 8:47

ఎప్పుడూ రాయను, ఇవాళ ఆగలేకపోయాను. ఈ చర్చకి అచ్చుగుద్దినట్టు సరిపోయే ఉదాహరణ ఒకటుంది. 2010లో వచ్చిన "అదృష్ట బంతి" ప్రయోగం. 28 మంది విద్యార్థులతో గోల్ఫ్ పట్ (బంతిని మెల్లగా గుంటలోకి కొట్టడం) వేయించారు, తలా పది. కొందరికి బంతి ఇస్తూ "ఇది ఇప్పటిదాకా అదృష్ట బంతి" అన్నారు, కొందరికి మామూలుగా ఇచ్చారు. అదృష్ట బంతి వాళ్లకి పదికి సగటున 6.42 పడ్డాయి, మిగతావాళ్లకి 4.75. పత్రికలన్నీ ఎగబడ్డాయి. ఒక్క మాటతో ఆట మూడోవంతు మెరుగు! ఎఫెక్ట్ సైజు 0.83 దాకా. లాంగ్‌షాట్ గారి 0.9కి పక్కింటిది.

2014లో వేరే ఇద్దరు ముందుగా ప్లాన్ రిజిస్టర్ చేసి, వందకు పైగా మందితో రెండుసార్లు చేశారు. అసలు ప్రయోగం చేసినవాళ్ల సలహా కూడా తీసుకున్నారు. రెండుసార్లూ చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

రెండోరివ్యూయర్ | రాత్రి 9:10

మంచి ఉదాహరణ. దానికి అన్నయ్య లాంటిది ఇగో డిప్లీషన్. సంకల్పబలం కండరంలా అలసిపోతుందన్న సిద్ధాంతం. వ్యాయామం, డైటింగ్, ఓర్పు మీద చేసిన పరిశోధనల్లో ఇది లేని పేజీ ఉండేది కాదు. 2010లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ గుదిగుచ్చితే ఎఫెక్ట్ 0.62 వచ్చింది. 2016లో 23 ల్యాబులు ఒకే పద్ధతిలో, 2000 మందికి పైగా మనుషులతో చేశాయి. 0.04! ఈ రెండు పనులకూ ముందుండి నడిపింది ఒకే మనిషి, మార్టిన్ హ్యాగర్. నాకు ఆ అంకెల కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. తను కట్టిన మేడని తనే కొలతబద్ద పట్టుకుని మళ్లీ కొలిచాడు.

గుదిగుచ్చడం వల్ల నిజం బయటపడుతుందన్న నమ్మకం కూడా ఇక్కడ దెబ్బతింది. అరలో ఉండిపోయిన తొమ్మిదింటిని వదిలేసి, బయటికొచ్చిన ఒక్కొక్కదాన్నీ ఏరి కలిపితే సగటు కూడా ఉబ్బే ఉంటుంది. నేర్చుకునేవాడే తన ప్రాక్టీసు ఎంచుకుంటే బాగా నేర్చుకుంటాడన్న మాట ఉంది కదా, దానిమీద 2022లో అదే తేలింది. మామూలుగా కలిపితే 0.44. ప్రచురణ పక్షపాతాన్ని సరిచేస్తే, పద్ధతిని బట్టి మైనస్ 0.11 నుంచి 0.26 దాకా.

కొత్తబ్యాచ్ | రాత్రి 9:34

హాట్ హ్యాండ్ కూడా ఇలాగే కొట్టేశారు కదా? వరసగా వేసినవాడు మళ్లీ వేస్తాడన్నది భ్రమ అని మాకు మొదటి క్లాసులోనే చెప్పారు.

సిగ్మా_తాతయ్య | రాత్రి 9:58

ఆహా, అది అడిగావా! ఇక నిద్ర పట్టినట్టే నాకు.

గిలోవిచ్, వలోన్, ట్వెర్‌స్కీ 1985లో ఆ పేపర్ రాశారు. ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ టీము షాట్లు చూశారు, కార్నెల్ విశ్వవిద్యాలయం ఆటగాళ్లు 26 మందితో తలా దాదాపు వంద షాట్లు వేయించారు. వరసగా మూడు పడ్డాక నాలుగోది పడే శాతం ఎంత, వరసగా మూడు తప్పాక ఎంత అని చూస్తే పెద్ద తేడా లేదు. కాబట్టి హాట్ హ్యాండ్ భ్రమ అన్నారు. ముప్ఫై మూడేళ్లు అదే పాఠం చెప్పాం. నేనూ చెప్పాను.

ఇప్పుడు కాగితం తీసుకో. నాణేన్ని మూడుసార్లు ఎగరెయ్యి. బొమ్మ పడ్డాక మరుసటిసారి బొమ్మ పడిన శాతం రాయి. మొత్తం ఎనిమిది రకాలుగా పడొచ్చు. మొదటి రెండింట్లో ఒక్క బొమ్మా లేకపోతే ఆ వరసకి లెక్కే లేదు, అలాంటివి రెండు తీసెయ్యి. మిగిలిన ఆరు: బొమ్మ-బొమ్మ-బొమ్మకి 100 శాతం. బొమ్మ-బొమ్మ-బొరుసుకి 50. బొరుసు-బొమ్మ-బొమ్మకి 100. బొమ్మ-బొరుసు-బొమ్మకి సున్నా. బొమ్మ-బొరుసు-బొరుసుకి సున్నా. బొరుసు-బొమ్మ-బొరుసుకి సున్నా. మొత్తం 250, ఆరుతో భాగిస్తే దాదాపు 42 శాతం. నాణెం నిష్పాక్షికంగా 50 ఉన్నా, చిన్న వరసల్లో ఇలా కొలిస్తే 42 వస్తుంది. కొలతబద్దే కురచ!

వంద షాట్లలో మూడు వరస తర్వాత చూసినా 50కి బదులు 46 వస్తుంది. ఈ సంగతి 2018లో మిల్లర్, సాన్‌హుర్హో ఎకనామెట్రికా జర్నల్‌లో బయటపెట్టారు. ఆ వంకర సరిచేసి 1985 డేటానే మళ్లీ చూస్తే హాట్ హ్యాండ్ కనబడింది. మనిషికి వంద షాట్లున్నా ఈ తేడా దొర్లిందంటే, నేను ఇన్నేళ్లు బల్ల గుద్ది చెప్పినవాటిలో ఇంకా ఏమేం ఉన్నాయో అని కాస్త టెన్షన్‌గానే ఉంది.

విజిల్ | రాత్రి 10:03

చెప్పానా లేదా!! కళ్లారా చూశానంటే నవ్వారు.

రెండోరివ్యూయర్ | రాత్రి 10:15

విజిల్ గారూ, మీ కళ్లు ఈసారి గెలిచాయి, ఒప్పుకుంటాను. ఎరుపు దుస్తుల విషయంలోనూ గెలుస్తాయా? 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ బాక్సింగ్, టైక్వాండో, రెజ్లింగ్ పోటీల్లో ఎరుపు వేసుకున్నవాళ్లు దాదాపు 55 శాతం గెలిచారని హిల్, బార్టన్ 2005లో నేచర్ జర్నల్‌లో రాశారు. రంగు లాటరీలో వస్తుంది కాబట్టి అందమైన సహజ ప్రయోగం. 2023లో ఆ ఇద్దరూ ఇంకొందరితో కలిసి 1996 నుంచి జరిగిన ఒలింపిక్స్, 2005 నుంచి జరిగిన ప్రపంచ బాక్సింగ్ పోటీలు తీసుకుని ఆరున్నర వేల బౌట్లు లెక్కించారు. ఎరుపు 50.5 శాతం.

మౌనప్రేక్షక | రాత్రి 10:29

అయితే అందులోనే ఇంకో ముక్క ఉంది. 2005కి ముందు, కొద్ది పాయింట్ల తేడాతో తేలిన బౌట్లలో ఎరుపుకి 56 శాతం వచ్చింది. తర్వాత రూల్స్ మారాయి, ఎలక్ట్రానిక్ స్కోరింగ్ వచ్చింది. ఒకప్పుడు జడ్జీల కంటికి రంగు అంటుకునేదేమో, ఇప్పుడు యంత్రానికి అంటదు. ఇది డేటా చూశాక చేసిన విశ్లేషణ కాబట్టి గట్టిగా చెప్పలేం. కానీ రెండోసారి రానంత మాత్రాన మొదటిది అబద్ధమే అనుకోవడం కూడా తొందరపాటే. మధ్యలో ఆటే మారిపోయి ఉండొచ్చు.

లాంగ్‌షాట్ | రాత్రి 11:50

ఇవన్నీ చదివాక ఒకటి దాచుకోలేకపోతున్నాను. మొదటి ప్రయోగంలో ఉన్నది 24 మంది కాదు, 25. సెల్ఫ్-టాక్ గ్రూపులో ఒకబ్బాయి 20కి 7 వేశాడు. ముందురోజు మణికట్టు నొప్పి అన్నాడని గుర్తొచ్చి తీసేశాను. అతన్ని కలిపితే పీ వాల్యూ 0.07.

ఆందోళన కొలిచే ప్రశ్నావళి కూడా ఇచ్చాను. అందులో తేడా రాలేదు, అందుకే మొదటి పోస్టులో రాయలేదు. కావాలని మోసం చేయలేదండీ. ఆ రోజు అదే సబబనిపించింది.

రెండోరివ్యూయర్ | అర్ధరాత్రి 12:14

కావాలని చేసేవాళ్లు ఇలా చెప్పరు. ఊరట కోసం ఒక అంకె చెబుతాను. 2011లో సిమ్మన్స్, నెల్సన్, సైమన్‌సన్ ఇలాంటి "సబబనిపించే" నిర్ణయాలను కంప్యూటర్‌లో ఆడించి చూశారు. రెండు కొలతల్లో బాగున్నది చెప్పుకోవడం, రాకపోతే ఇంకో పదిమందిని చేర్చడం, ఆడామగా తేడా కలిపి చూడటం, మూడు గ్రూపుల్లో ఒకటి వదిలేయడం. నాలుగూ కలిస్తే అసలేమీ లేనిచోట కూడా నూటికి 61సార్లు సిగ్నిఫికెంట్ వస్తుంది. 5 రావాల్సిన చోట.

మణికట్టు నొప్పి నిజమైన కారణమే కావచ్చు. మరి ఆ అబ్బాయి 20కి 17 వేసి ఉంటే నొప్పి సంగతి గుర్తొచ్చేదా?

లాంగ్‌షాట్ | అర్ధరాత్రి 12:20

రాదు.

బౌన్స్‌పాస్ | ఉదయం 8:05

మీ గైడ్ గారు తర్వాత ఏమంటారో నాకు తెలుసు. "మామూలు టెస్టు వద్దు, మ్యాగ్నిట్యూడ్-బేస్డ్ ఇన్ఫరెన్స్ వాడు, చిన్న శాంపిళ్ల కోసమే అది" అంటారు. పీ వాల్యూ బదులు, తేడా పనికొచ్చేంత పెద్దదయ్యే అవకాశం ఎంతో చూసి తేల్చే పద్ధతి అది. స్పోర్ట్ సైన్స్‌లో 2006 నుంచి బాగా చలామణీ అయింది. ఒప్పుకోకండి. తప్పుడు పాజిటివ్‌లు (లేని తేడా ఉందనడం) ఎంత పెరుగుతాయో గణాంక నిపుణురాలు క్రిస్టిన్ సైనాని 2018లో లెక్కలతో చూపించారు. అదీ సరిగ్గా మనం వాడే చిన్న శాంపిళ్ల దగ్గరే ఎక్కువ. 12 మందిలో లేని సమాచారం ఏ సూత్రం పెట్టినా ఊడిపడదు.

విజిల్ | ఉదయం 10:40

రాత్రంతా ఆలోచించాను. నా దగ్గర 14 మంది ఉన్నారు, ఇంకో ముగ్గురు కోచ్‌లు తెలుసు. అందరం కలిస్తే యాభై అరవై మంది అవుతారేమో. ముందు ఐదు రోజులు, తర్వాత ఐదు రోజులు రోజుకు 20 షాట్లు లెక్కపెట్టి పెడతాం, ఎలాగూ లెక్కపెడతాం కదా. ఒకటే షరతు. టోర్నమెంటుకి ముందు రెండు వారాలు పిల్లల జోలికి రావొద్దు.

సిగ్మా_తాతయ్య | ఉదయం 11:05

భేష్. ఒక టీముకి మొత్తం సెల్ఫ్-టాక్, ఇంకో టీముకి వద్దు అని మాత్రం పంచొద్దు. అప్పుడు నీ శాంపిల్ అరవై కాదు, నాలుగు టీములే. ప్రతి టీములోనూ సగం సగం చీటీలు తీయాలి. ఒకే కోర్టులో పిల్లలు ఒకరికొకరు చెప్పేసుకునే ప్రమాదం ఉంది. అది విజిల్ గారు చూసుకోవాలి.

అరవై మందితో 0.2 దొరకదని కూడా ముందే ఒప్పుకుని రాయండి. 100 షాట్లు, ముందు స్కోరు, రెండూ ఉంటే 0.5 పైనున్నది దొరకడానికి మంచి అవకాశమే ఉంది. అంతకంటే తక్కువైతే ఇంకో కోచ్‌ని వెతకాలి.

రెండోరివ్యూయర్ | ఉదయం 11:30

రిజిస్టర్డ్ రిపోర్ట్‌గా పంపండి. డేటా తీయకముందే ప్రశ్న, పద్ధతి చూసి జర్నల్ ఒప్పుకుంటుంది, తర్వాత ఫలితం ఎటొచ్చినా వేస్తుంది. సైకాలజీలో మామూలు పేపర్లలో 96 శాతం "మా ఊహ నిజమైంది" అంటుంటే, రిజిస్టర్డ్ రిపోర్టుల్లో 44 శాతమే అన్నాయని 2021లో పోల్చి చూపించారు. మీ గైడ్ గారికి సిద్ధాంతం అక్కర్లేదు, "ఫలితం రాకపోయినా పేపర్ గ్యారంటీ" అని చెప్పండి చాలు.

లాంగ్‌షాట్ | మర్నాడు రాత్రి 9:16

గైడ్ గారితో మాట్లాడాను. మొదట ముఖం మాడ్చుకున్నారు. రెండోరివ్యూయర్ గారు చెప్పిన చివరి వాక్యం అన్నాక కాసేపు ఆగి "ఏ జర్నల్?" అన్నారు. పాత రెండు ప్రయోగాలూ కలిపి ఒక్క పేపర్‌గా, రెండింటి అంకెలతో, ప్రశ్నావళితో సహా రాయడానికి ఒప్పుకున్నారు. కొత్తదానికి విజిల్ గారి షరతు ప్లాన్‌లో మొదటి లైనుగా రాశాను.

డేటా షీటు మీ అందరికీ మెసేజ్‌లో పంపాను. తాతయ్య గారూ, మీరు ఒకసారి లెక్క సరిచూడండి, ఈసారి 25 వరసలున్నాయి. ఆఖరి వరస పక్కన "మణికట్టు నొప్పి, ముందురోజు చెప్పాడు, 7/20" అని రాసి ఉంచాను.